చీకట్లో ఊరుకునే మందు

సికింద్రాబాదు ఎండ గురించి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ ఎండలో బస్సు దిగి, బొల్లారం దగ్గర మా ల్యాబు గేటు దాటి, ఒకదాని వెనుక ఒకటి రెండు తలుపులు తీసుకుని లోపలికి వెళితే అమావాస్య. కిటికీలకు నల్ల కాగితం, దాని మీద నల్ల పరదా. ప్రతి సీసాకూ చపాతీలు చుట్టే వెండి కాగితం తొడుగు. ఎక్కడో ఒక మూల సన్నగా ఒక పచ్చ దీపం. కొత్తగా చేరినవాళ్లు మొదటి వారమంతా బల్లలకు మోకాళ్లు కొట్టుకుంటూ తిరిగేవాళ్లు. మధ్యాహ్నం టీకి బయటికొస్తే కళ్లు చిట్లించుకుని గుడ్లగూబల్లా నిలబడేవాళ్లం.

నేను ఫార్మసీ చదువుకున్నదాన్ని. ఉద్యోగమంతా ఒకే రకం మందు మీద గడిచింది. వెలుగు తగిలితే తప్ప పని చెయ్యని క్యాన్సర్ మందు అది. ఇప్పుడు ఇలాంటి ల్యాబుల్లో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "భారతి మేడం, ఈ ఫీల్డులో స్కోప్ ఎలా ఉంటుంది?" అని అడుగుతుంటారు. స్కోపు సంగతి నాకు తెలియదు. పని ఎలా ఉంటుందో మాత్రం చెప్పగలను. నా ప్రమోషన్లు, మీటింగులు, ఫైళ్లు ఇక్కడ రాయను. అవి అన్ని ఉద్యోగాల్లోనూ ఒకటే, ఎక్కడైనా విసుగే.

మూడు రాళ్ల పొయ్యి

ముందు మందేమిటో చెప్పాలి. దీన్ని నరానికి ఎక్కిస్తే ఒళ్లంతా తిరుగుతుంది. మామూలు కండలోంచి త్వరగా వెళ్లిపోతుంది, క్యాన్సర్ గడ్డలో కాస్త ఎక్కువ కాలం నిలుస్తుంది. కొద్ది రోజులు ఆగి, ఆ గడ్డ మీద మాత్రం ఎర్రటి లేజరు వెలుగు వేస్తారు. వెలుగు తగలగానే మందు మేలుకుంటుంది. పక్కనున్న ప్రాణవాయువును రెచ్చగొడుతుంది. ఆ రెచ్చిన వాయువు ఉన్నచోటే, ఆ కణాన్నే చంపుతుంది, పక్కింటికి పోదు. వెలుగు పడని చోట మందు ఉన్నా ఏమీ కాదు.

మందు, వెలుగు, ప్రాణవాయువు. పొయ్యికి మూడు రాళ్లలాగా. ఒక రాయి తీసేస్తే కుండ నిలవదు. ఇంత అందమైన ఆలోచన మందుల శాస్త్రంలో ఇంకొకటి లేదని నాకు ఇప్పటికీ నమ్మకం. మామూలు క్యాన్సర్ మందులు ఊరంతా తిరిగి మంచీ చెడూ చూడకుండా కొడతాయి. ఇది పిలిచేదాకా నోరు మూసుకుని కూర్చుంటుంది.

అలాగని దీన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగకండి. వెలుగు ఒంట్లోకి లోతుగా పోదు. పైపైన ఉన్న గడ్డలకు, గొట్టం పంపి చేరుకోగలిగిన చోట్లకే ఇది పనికొస్తుంది. జబ్బు ఒంట్లో పాకిపోయాక దీనితో చేసేదేం లేదు. అలాంటివాళ్లు కూడా పేపర్లో ఏదో చదివి ఆశగా వచ్చేవాళ్లు. "మీకిది పనికిరాదండీ" అని చెప్పడం ఈ ఉద్యోగంలో కష్టమైన పని. చెప్పకుండా తిప్పించుకునేవాళ్లను కూడా చూశాను, వాళ్లంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంట.

ఎర్ర బల్బు

ఒకసారి మాకు పైఅధికారిగా బేగంపేట ఆఫీసు నుంచి ఒక మేనేజరు గారు వచ్చారు. పాపం మంచివారే. మేం చీకట్లో దెబ్బలు తగిలించుకోవడం చూసి జాలిపడ్డారు. వాళ్ల నాన్నగారికి ఒకప్పుడు ఫొటో స్టూడియో ఉండేదట. డార్క్ రూమంటే ఎర్ర బల్బు ఉండాలని ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మేమంతా సెలవులో ఉన్న ఒక ఆదివారం ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, ల్యాబంతా చక్కగా ఎర్ర బల్బులు పెట్టించారు. మమ్మల్ని ఆశ్చర్యపరుద్దామనుకున్నారు. ఆశ్చర్యపోయాం.

ఫొటో కాగితానికి ఎరుపు కనపడదు. మా మందు మేలుకునేదే ఎరుపుకు. అప్పటికే బల్ల మీద మూత తీసి ఆరబెట్టిన మందంతా ఆ బల్బుల కింద ఒక రోజంతా మేలుకుని, మేలుకుని, అలిసి చచ్చిపోయింది. సోమవారం పొద్దున చూస్తే ముదురు రంగుండాల్సిన పొడి వెలిసిపోయిన గోడలా ఉంది. ఆయన మొహం అంతకంటే వెలిసిపోయింది.

మా పెద్దాయన రంగనాథం గారు, ఆయన గురించి ఇప్పుడే చెబుతాను, ఆ పొడిని చాలాసేపు చూసి, "మంచిదేనండీ, వెలుగులో ఇది ఎంత త్వరగా వెలుస్తుందో తెలిసింది" అని ఊరుకున్నారు. ఆ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. మేనేజరు గారు మర్నాడు మాకందరికీ తన డబ్బుతో మోకాళ్ల పట్టీలు కొనిపెట్టారు.

రంగనాథం గారి ప్రశ్న

రంగనాథం గారు గోదావరి జిల్లా నుంచి చదువుకోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన రసాయన శాస్త్రవేత్త. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ నలగని చొక్కా. గొంతు పెంచడం ఎరగరు. అందర్నీ అండీ అనే పిలిచేవారు, సీసాలు కడిగే మనిషిని కూడా. ఆయన దగ్గర పని నేర్చుకోవడం నా జీవితంలో దక్కిన అదృష్టం. ఈ మాట ఆయన ముందు ఎప్పుడూ అనలేదు, అని ఉంటే అరగంట ఇబ్బందిపడేవారు.

మేం కణాలను పళ్లేల్లో పెంచి, మందు వేసి, వెలుగు వేసి చూసేవాళ్లం. ప్రతిసారీ రెండు పళ్లేలు. ఒకదానికి మందూ వెలుగూ. రెండోదానికి మందు మాత్రమే, దాన్ని చీకట్లోనే ఉంచుతాం. మందు చీకట్లో ఏమీ చెయ్యకూడదు. అదే దాని శీలం.

ఒక ఏడాది ఒక కొత్త మందు చేశాం. మొదటి పళ్లెంలో క్యాన్సర్ కణం ఒక్కటి మిగల్లేదు. అంత బాగా చంపిన మందు అంతకు ముందు మా చేతుల్లోంచి రాలేదు. క్యాంటీన్ నుంచి మిర్చి బజ్జీలు తెప్పించాం. ఇల్లు అలకగానే పండగ కాదని మా అమ్మ అంటూనే ఉండేది. రంగనాథం గారు వచ్చారు, పళ్లెం చూశారు, బజ్జీ తీసుకోలేదు.

"చీకట్లో ఏమైందండీ?" అన్నారు.

రెండో పళ్లెం ఇంకా చూడలేదు మేము. తీసి చూస్తే అందులోనూ అన్నీ చచ్చి ఉన్నాయి. వెలుగుతో పనిలేకుండానే చంపేసింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న బాపతు.

"విషాలు బజార్లో చాలా దొరుకుతాయండీ. మనం ఇంకొకటి చెయ్యక్కర్లేదు," అన్నారాయన. ఏడాది పనిని పక్కన పెట్టించి, అప్పుడు ఒక బజ్జీ తీసుకున్నారు. ఆ రోజు ఆయన మీద నాకు చాలా కోపం వచ్చింది. ఎంత పెద్దమనిషో అర్థం కావడానికి కొన్నేళ్లు పట్టింది. గెలిచానని ఉప్పొంగే క్షణంలో రెండో పళ్లెం అడగగలిగేవాళ్లు చాలా తక్కువమంది ఉంటారు.

యాదగిరి పెదవి

మా మందు చివరికి మనుషుల దాకా వచ్చింది. అనుమతులన్నీ దొరికాక ఒక ఆస్పత్రిలో డాక్టర్ మాధవి గారు కొద్దిమంది రోగులకు ఇవ్వడం మొదలుపెట్టారు. మందును అక్కడికక్కడ మసక వెలుతురులో కలపాలి కాబట్టి నేను వెళ్లేదాన్ని. మామూలుగా మాలాంటివాళ్లు రోగి మొహం చూడకుండానే రిటైరైపోతారు. నాకు చూసే భాగ్యం కలిగింది.

అలా పరిచయమయ్యాడు యాదగిరి. సీతాఫల్‌మండిలో ఉంటాడు, పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. నలభై దాటిన మనిషి, గుబురు మీసం. కింది పెదవి లోపలి వైపు తెల్లటి మచ్చ ఒకటి వచ్చి, పుండై మానలేదు. ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సర్. అదృష్టం, ఇంకా పైపైనే ఉంది.

క్లారినెట్ వాయించే మనిషికి కింది పెదవే అన్నం. దాన్ని పళ్ల మీదికి మడిచి, ఆ మెత్త మీద క్లారినెట్ నోటిపుల్లను ఆనించి ఊదాలి. మాధవి గారు దాచకుండా చెప్పారు. కోసి తీసేస్తే జబ్బు పోతుంది, అది తెలిసిన దారి. కానీ పెదవి బిగుసుకుపోతుంది. కొత్త మందుతో పెదవి మెత్తగా మిగిలే అవకాశం ఉంది, కానీ ఇది ఇంకా పరీక్షల్లో ఉన్న మందు. పనిచెయ్యకపోతే అప్పుడైనా కొయ్యొచ్చు.

అతని భార్య అండాలు వెంటనే అంది. "కోసేయుండ్రి డాక్టరమ్మా. పానం కంటె ఎక్కువనా గా బాజా? ఏదన్న కూలి చేస్కొని బతుకుతం."

యాదగిరి ఆమె వైపు చూడలేదు. నన్ను అడిగాడు. "మేడం, గీ మందు మీరే చేసిన్రా?"

"చాలామందిమి కలిసి చేశాం," అన్నాను.

"మీ ఇంట్లోల్లకైతే ఇస్తరా?"

ఇలాంటి ప్రశ్నకు ఏ చదువూ జవాబు నేర్పదు. "పైపైన ఉన్న జబ్బైతే, ముందు ఇదే చూస్తాను. తగ్గకపోతే కోయిస్తాను," అన్నాను. నిజమే చెప్పాను.

అతను భార్య వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "అండాలూ, నాకు ఇంకో పని రాదే. మా నాయిన సుత గిదే ఊదిండు. ఒక్కపారి సూద్దం." ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని తలూపింది.

మందు ఎక్కించాం. కొద్ది రోజుల తర్వాత పెదవి మీద ఎర్ర వెలుగు వేశారు. చుట్టూ తడిగుడ్డలు కప్పి, ఆ ఒక్క మచ్చ మాత్రం కనపడేలా. చూడ్డానికి ఏమీ ఉండదు, చిన్న ఎర్ర చుక్క, నిశ్శబ్దం. ఏళ్లతరబడి పళ్లేల్లో చూసింది ఒక మనిషి మొహం మీద జరుగుతుంటే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మాధవి గారు నన్ను కసిరారు. అయిపోయాక యాదగిరి, "గింతేనా?" అన్నాడు. ఇంతే కాదని ఆ సాయంత్రానికే తెలిసింది. పెదవి వాచి, నల్లటి పెచ్చు కట్టింది. రోజుల తరబడి జావ తప్ప ఏమీ దిగలేదు. నొప్పికి ఇచ్చిన మాత్రలు చాలేవి కావు. అయినా యాదగిరి ఒక్కసారి కూడా ఎందుకు ఒప్పుకున్నానా అనలేదు.

ఫ్రిజ్జు బల్బు

ఇక్కడ ఈ మందుతో వచ్చే తక్లీఫ్ ఒకటి చెప్పాలి. గడ్డలోనే కాదు, చర్మంలో కూడా ఇది కొన్ని వారాలు మిగిలి ఉంటుంది. ఆ రోజుల్లో రోగి ఎండలోకి వెళితే ఒళ్లు కాలినట్టు బొబ్బలెక్కుతుంది. అందుకని ఇంటికి పంపేముందు అందరం హెచ్చరించాం. డాక్టరమ్మ చెప్పింది, నర్సు చెప్పింది, నేను చెప్పాను. ఎండ వద్దు, వెలుతురు వద్దు, జాగ్రత్త. మొదటి రోజు దాటాక ఇంట్లో మసక వెలుతురు మెల్లగా పెంచుకోవాలన్న మాట కూడా మాధవి గారు చెప్పారు. కానీ మా అందరి భయపెట్టే మాటల కింద ఆ ఒక్క మాట నలిగిపోయింది.

యాదగిరి పొద్దుగూకాక, తల మీదుగా దుప్పటి కప్పుకుని చూపించుకోవడానికి వచ్చేవాడు. పెచ్చు ఊడి కింద లేత చర్మం వచ్చింది. మాధవి గారికి చాలా సంతోషంగా ఉంది. ఇంట్లో జాగ్రత్తగా ఉంటున్నారా అని అడిగితే అండాలు గర్వంగా చెప్పింది.

"కిటికీలకు దుప్పట్లు కొట్టిన. తలుపు సందుల చీరెలు కుక్కిన. దేవుని దీపం వసారల పెట్టిన. ఫోను సుత బంద్ చేసిన, దానికి వెల్తురొస్తది గదా. ఫ్రిజ్జు తీస్తే లోపట బల్బు వెలుగుతుండె. గది సుత పీకి కొంగుకు ముడేసుకున్న." ముడి విప్పి చూపించింది. చిన్న బల్బు, అందులో భద్రంగా.

అందరం శభాష్ అన్నాం. మాధవి గారు, నర్సులు, నేను. ఇంత శ్రద్ధగల ఇల్లాలు ఇంకో రోగికి లేదని మెచ్చుకున్నాం. పైగా నేను, మా ల్యాబులో కూడా ఇంత మంచి చీకటి లేదన్నాను. చీకటిని చూస్తే ముచ్చటపడిపోవడం మా వృత్తి జబ్బు. వచ్చే గురువారం నుంచి కొద్దికొద్దిగా బయట తిరగొచ్చని, క్లారినెట్ కూడా మెల్లగా మొదలుపెట్టొచ్చని మాధవి గారు అన్నారు. అండాలు చేతులెత్తి దణ్ణం పెట్టింది.

రంగనాథం గారు అప్పటికే రిటైరై, సలహాదారుగా వారానికోసారి ల్యాబుకొచ్చేవారు. ఆయనొచ్చే రోజు గురువారమే. ఆ గురువారం పొద్దున టీ దగ్గర ఫ్రిజ్జు బల్బు కథ చెప్పాను. అందరూ పగలబడి నవ్వారు. ఆయన నవ్వలేదు. కప్పు కింద పెట్టారు.

"మరి ఆయనకి అసలు వెలుతురు తగలనే లేదా అండీ?"

"లేదు సార్. ఒక్క చుక్క కూడా."

"ఎర్ర బల్బులు గుర్తున్నాయా?" అన్నారు.

అప్పుడు తట్టింది నాకు. వెలుగులో ఈ మందు వెలిసిపోతుంది. చర్మంలో మిగిలిన మందు కూడా ఇంట్లో మసక వెలుతురుకు రోజుకింత, రోజుకింత అరిగిపోవాలి. అందుకే ఆ మసక వెలుతురు. యాదగిరి ఒంట్లో మందును మేమూ అండాలూ కలిసి, మా సీసాల్లో దాచినట్టే, చెక్కుచెదరకుండా దాచిపెట్టాం. వారాలు గడిచాయి కదా అని అతను ఇవాళ ఎండలోకి వస్తే, మొహం మీద మందంతా ఒక్కసారే మేలుకుంటుంది. ఆ లేత పెదవి మీద కూడా.

ఫోన్ చేశాను. బంద్ చేసి ఉంది, వెలుతురొస్తుందని.

గుమ్మం దగ్గర

రంగనాథం గారి పాత కారులో బయల్దేరాం. తిరుమలగిరి దాటేదాకా బాగానే ఉంది. చిలకలగూడ దగ్గర బండ్లు ఆగిపోయాయి. ఆయన స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేస్తూ కూర్చున్నారు. పైన ఎండ నిప్పులు కురిపిస్తోంది. యాదగిరి నన్నే కదా అడిగాడు, మీ ఇంట్లోవాళ్లకైతే ఇస్తారా అని.

సందు మొదట్లో బ్యాండు వాళ్ల వ్యాను ఆగి ఉంది, డోళ్లు ఎక్కిస్తున్నారు. పదకొండింటికి ఎదుర్కోళ్లట, మగపెళ్లివారికి మేళంతో ఎదురెళ్లే ముచ్చట. నేను పరుగెత్తాను. యాదగిరి ఇంటి తలుపు తెరిచి ఉంది. లోపల, గుమ్మానికి అవతల, ఎర్ర కోటు, జరీ పట్టీలు, చేతిలో క్లారినెట్టుతో అతను. అండాలు దిష్టి తీస్తోంది. గుమ్మం బయట మెట్టు మీద ఎండ పడి మెరుస్తోంది.

"బయటికి రావద్దు, లోపలికి వెళ్లు," అని వెనుక నుంచి ఒక కేక. అన్నేళ్లలో రంగనాథం గారు గొంతు పెంచగా విన్నది ఆ ఒక్కసారే. ఎవరినైనా అండీ అనకుండా మాట్లాడింది కూడా అప్పుడే.

యాదగిరి ఆగాడు. మేం లోపలికి వెళ్లి తలుపు వేశాం. సంగతి చెప్పాను. అతనికి కోపం వచ్చింది, రాక ఏమవుతుంది.

"ఏందీ మేడం ఇది? వెల్తురు వద్దన్నది మీరే. ఇప్పుడు వెల్తురు సాల్లేదంటున్నది మీరే. ఇన్ని దినాలు గుడ్డోని లెక్క కూసున్న. ఇయ్యాల నేను పోకుంటే ఇంకొకన్ని పెట్టుకుంటరు. లగ్గాల సీజన్ పోతది. పరేషాన్ చేస్తున్రు మీరు."

అండాలు గోడకు చేరగిలబడింది. "నేను పాడు చేసిన్నా సారూ?" అంది.

రంగనాథం గారు ఆమె ఎదురుగా పీట మీద కూర్చున్నారు. "లేదమ్మా. మీరు మేం చెప్పిందే చేశారు, మాకంటే బాగా చేశారు. మేం సగమే చెప్పాం. కొత్త రంగు చీర ట్రంకు పెట్టెలో పెడితే వెలుస్తుందా?"

"ఎందుకెలుస్తది?"

"నీడలో తీగ మీద వేస్తే?"

"దినాం జెర జెర ఎలుస్తది."

"మీ ఆయన ఒంట్లో మందు ఆ రంగులాంటిది. మనం పెట్టెలో పెట్టేశాం. నీడలో ఆరెయ్యాలి."

యాదగిరి నమ్మలేదు. అప్పుడు రంగనాథం గారు కిరాణా కాగితం సంచి ఒకటి అడిగి, దానికి రూపాయి బిళ్లంత చిల్లు చేశారు. అతని ఎడమ చేతికి ఆ సంచి తొడిగి, తలుపు సందులోంచి చేతిని మాత్రం ఎండలోకి పెట్టించి, కాసేపాగి తీయించారు. చేతికి ఏమీ కాలేదు. "సూసిన్రా," అన్నాడు యాదగిరి. బయట వ్యాను హారను కొడుతోంది.

"రేపటిదాకా ఆగండి. రేపు ఏమీ లేకపోతే, ఈ సీజనంతా మీ జీతం నేనిస్తాను," అన్నారు రంగనాథం గారు.

యాదగిరి కోటు గుండీలు ఒక్కొక్కటీ విప్పాడు. వ్యాను వెళ్లిపోయింది. క్లారినెట్టును పెట్టెలో పెడుతున్నప్పుడు అతని మొహం నేను చూడలేకపోయాను.

మర్నాడు పొద్దున ఫోనొచ్చింది. అండాలు ఫోన్ తెరిచిందన్నమాట. మాట్లాడింది యాదగిరే. "మేడం, గుండ్రంగ లేసింది. రూపాయి బిళ్ల లెక్క. మంట పుడుతున్నది." తర్వాత, "గదే మొఖం మీదయితే," అని ఆపేశాడు.

ఒక్కొక్క దుప్పటి

ఆ తర్వాత మేం ఇంటికి పంపే ప్రతి రోగికీ మసక వెలుతురు గురించే ముందు చెప్పాం. ఎండ గురించి తర్వాత చెప్పాం. అర్థమైందో లేదో చూడ్డానికి రోగి చేతనే తిరిగి చెప్పించాం. మీరూ అలాగే చెయ్యండి. మనం భయపడేది రోగికి చెప్పేస్తాం, రోగికి కావలసింది చెప్పడం మరిచిపోతాం. ఇది తెలివితక్కువ వల్ల జరగదు. ఒకే పనిని ఏళ్లతరబడి ప్రేమగా చేసేవాళ్లకు జరుగుతుంది.

రంగనాథం గారు ప్రతి వారం సీతాఫల్‌మండి వెళ్లారు. అండాలు ఒక్కొక్క దుప్పటి తీసింది. ముందు వంటింటి కిటికీ, తర్వాత వసారా వైపు, తర్వాత వీధి వైపు సగం. ప్రతిసారీ కాగితం సంచి పరీక్ష, చేతి మీద కొత్త చోట. మచ్చ వారం వారం లేతబడింది. ఈ లోపల పెదవి నుంచి మళ్లీ ముక్క తీసి పరీక్షించారు. జబ్బు లేదు. మాధవి గారు ఆ మాట చెప్పినప్పుడు నేను ఎగిరి గంతేశాను. రంగనాథం గారు మాత్రం, "ఆయన వాయించారా?" అన్నారు.

వాయించలేదు. పెదవి మానిందని అందరం అంటున్నా, ఆ రోజు మూసిన క్లారినెట్టు పెట్టె మళ్లీ తెరవలేదట. అడిగితే అండాలు గొంతు తగ్గించి చెప్పింది. "భయం సారూ. పెట్టెల ఉన్నంతసేపు వస్తదనుకోవచ్చు గదా."

చివరి పరీక్ష మర్నాడు రంగనాథం గారూ నేనూ వెళ్లాం. చేతి మీద మచ్చ లేదు. యాదగిరి చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. అండాలు ఏమీ అనకుండా కొంగు ముడి విప్పి, బల్బు తీసి, ఫ్రిజ్జులో బిగించింది. తలుపు తీసి చూసింది, వెలిగింది. అప్పుడు ఏడ్చింది.

యాదగిరి లోపలికి వెళ్లి పెట్టె తెచ్చాడు. నోటిపుల్ల తడి చేసుకున్నాడు. గుమ్మం దాటి, మెట్టు దిగి, ఎండలో సందు మధ్య నిలబడ్డాడు. పెదవిని పళ్ల మీదికి మడిచి ఊదాడు. కీచుమని ఒక పిచ్చి చప్పుడు వచ్చింది. ఎదురింటి పిల్లలు నవ్వారు. అతను మా వైపు చూడలేదు. మళ్లీ పెదవి సర్దుకుని, కళ్లు మూసుకుని ఊదాడు.

ఈసారి వచ్చింది. మగపెళ్లివారికి ఎదురెళ్లేటప్పుడు వాయించే పాట. మొదట సన్నగా, తర్వాత సందంతా నిండేలా. కిటికీలు తెరుచుకున్నాయి. కూరగాయల బండి ఆగింది. చీకట్లో పుట్టి, చీకట్లో ఓపిగ్గా ఊరుకుని, ఒక్క వెలుగు చుక్కకు మేలుకున్న మా మందు ఇంత పని చేసింది. నా ఉద్యోగానికి అర్థమేమిటని ఎవరైనా అడిగితే ఆ సందు చూపిస్తాను.

పాట అయిపోయింది. రంగనాథం గారు ఎండలో, తలమీద చెయ్యైనా అడ్డం పెట్టుకోకుండా నిలబడి ఉన్నారు. నాకు తెలుసు, ఇప్పుడు రెండో పళ్లెం అడుగుతారు. ఏ మంచి ఫలితం ముందైనా ఆయన అడక్కుండా ఊరుకోగా నేను చూడలేదు. ఏం అడుగుతారా అని ఎదురుచూశాను.

"యాదగిరి గారూ," అన్నారు, "ఇంకొకటి వాయిస్తారా?"